సందు చుక్కలు, రెండు రెక్కలు

మా ఇంట్లో ఇద్దరం ఆర్కిటెక్టులమే. బెంగళూరు మారతహళ్లిలో రెండు గదుల ఫ్లాటు, ఒకే డైనింగ్ టేబుల్, దాని మీద రెండు లాప్‌టాప్‌లు. నాది తీగల పక్షం, మా ఆవిడది అక్షరాల పక్షం. నేను రైనో అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాస్‌హాపర్ తెరిచి, చిన్న చిన్న డబ్బాలు పెట్టి, వాటి మధ్య తీగలు లాగుతాను. స్లైడర్ జరిపితే బొమ్మ మారుతుంది. ఆవిడ అదే రైనోలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరిచి నాలుగు లైన్ల స్క్రిప్టు టైపు చేస్తుంది. 2007లో డేవిడ్ రటన్ తెచ్చినప్పుడు గ్రాస్‌హాపర్ పేరు ఎక్స్‌ప్లిసిట్ హిస్టరీ. ఆ పేరే ఉంచి ఉంటే నాకు కాస్త పరువు దక్కేది. మిడత అని మార్చేశారు. ఇప్పుడు నా డిజైన్ సరిగ్గా వచ్చినప్పుడల్లా మా ఆవిడ "మిడతంభొట్లు జోస్యం ఫలించింది" అంటుంది.

సంక్రాంతి ముందు తెనాలి నుంచి అమ్మ వచ్చింది. అదే వారం ఒక క్లయింటుది గేటు పని. రెండు రెక్కల ఇనుప గేటు, రేకులో చిల్లులతో ఏదైనా 'మనదైన' డిజైన్ కావాలన్నాడు. పొద్దున పదింటికల్లా ఫైలు పీణ్యలో లేజర్ కటింగ్ వాళ్లకు చేరాలి. రాత్రి తొమ్మిదయినా నాకు ఐడియా కూడా రాలేదు.

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "గేటుకు ముగ్గు పెట్టరాదురా? పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది దాకా" అంది.

ఒక్క ముక్కలో ముగ్గంతా వచ్చేసింది. నడుమ వరుసలో 15, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గుతూ 8. మొత్తం 169 చుక్కలు. కొన్ని అంకెలతో బొమ్మంతా నడిపించే పారామెట్రిక్ పద్ధతి అంటే ఏమిటో కాలేజీలో అయిదేళ్లు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

"ఇది స్క్రిప్టే!" అంది మా ఆవిడ. "కాదు, బొమ్మ" అన్నాను. పందెం పడింది. ఓడినవాళ్లు అమ్మ ఉన్నన్నాళ్లూ గిన్నెలు తోమాలి.

పావుగంటలో నా తెర మా వీధి చివర కరెంటు స్తంభంలా తయారైంది. 169 చుక్కలూ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. నడుమ చిల్లు పెద్దదిగా, అంచుకు పోయేకొద్దీ చిన్నదిగా ఉండాలని 169 వ్యాసార్ధాల జాబితా కలిపాను. పెద్ద చిల్లులన్నీ వెళ్లి ఒక మూల పోగయ్యాయి. వెంటనే చుక్కల మీద కుడి క్లిక్ కొట్టి గ్రాఫ్ట్ అన్నాను. మా తీగల వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. బొమ్మ కుదరకపోతే అన్నిటినీ ఒకే జాబితాలో పోసే ఫ్లాటెన్, అదీ కుదరకపోతే గ్రాఫ్ట్. ఎందుకని మాత్రం అడగకూడదు.

గ్రాఫ్ట్ చేస్తే, అంటే తెలుగులో అంటు కడితే, ఒక్కో చుక్కా ఒక్కో కొమ్మెక్కి కూర్చుంటుంది. ఒక్కో కొమ్మకూ మొత్తం 169 వ్యాసార్ధాలూ అందాయి. చుక్కకు ఒక్క చిల్లు అడిగితే 169 వచ్చాయి, అంటే 28,561. వాటన్నిటినీ రేకులోంచి తొలిచే డబ్బా ఒకటి ఆ చివర కాచుకుని ఉంది. ఫ్యాను హెలికాప్టర్‌లా లేచింది, తెర బిగుసుకుపోయింది. ఎస్కేప్ కొట్టాను. దణ్ణం కూడా పెట్టాను.

"ఏమైందిరా?"

"అంటు కట్టానమ్మా."

"మంచిదేగా, కాపు బాగా వస్తుంది."

"వచ్చిందమ్మా."

ఈలోగా మా ఆవిడ "అయిపోయింది" అంటూ తన లాప్‌టాప్‌ను అమ్మ వైపు తిప్పింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని, తెరకు తగలకుండా వేలు ఆడిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"అమ్మాయ్, చివరి వరుస ఏదీ?"

"ఎనిమిది దాకా అనే రాశాను అత్తయ్యా."

"ఎనిమిది దాకా అంటే ఎనిమిది ఉండాలిగా! నువ్వు తొమ్మిదితో ఆపేశావు."

నిజమే. పైథాన్‌లో అంకెలు వరసగా ఇచ్చే రేంజ్ అనే ఆదేశానికి 15 నుంచి 8 దాకా అని చెబితే, 8 గడప అవతలే నిలబడిపోతుంది. పైన ఎనిమిది, కింద ఎనిమిది, పదహారు చుక్కలు గల్లంతయి 153 మిగిలాయి. పోనీ ఒక ఎర్రర్ ఇచ్చిందా? లేదు. "నా మిడత కనీసం చచ్చి చెప్పింది, నీ పైథాన్ నవ్వుతూ ముంచింది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడ 8 కొట్టేసి 7 పెట్టింది, ముగ్గు నిండింది. నా లాప్‌టాప్ ఇంకా తిరుగుతూనే ఉంది. అయినా ముందు ఆవిడ కూడా తప్పు చేసింది కదా అని నేను ఓటమి ఒప్పుకోలేదు. ఆవిడ ఫైలు పీణ్యకు పంపేసి, సింకు నిండా గిన్నెలు అలాగే వదిలేసి పడుకున్నాం.

పొద్దున తొమ్మిదిన్నరకు పీణ్య నుంచి ఫోన్. కటింగ్ చేసే కుర్రాడిది అనంతపురం.

"సార్, ఫైలు చూసినా. గేటు రెండు రెక్కలు గదా? నడిమధ్యన ఏడు చిల్లులు రెండుగా చీలిపోతాండాయి. తాళం ఏడ పెడతారు?"

మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సింకు దగ్గర గిన్నెలు తోముతున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే అంది.

"గేటన్నావు గానీ రెండు రెక్కలని చెప్పావుట్రా? ముగ్గు మధ్యలోంచి తలుపు తీస్తారని నేనెక్కడ కలగన్నాను! సందు చుక్క వద్దు. పదహారు చుక్కలు, పదహారు వరుసలు, ఎదురెదురుగా. రాసుకో."