నవ్వు సరే, మిస్టరీ ఏదీ?

2019లో వచ్చిన 'మత్తు వదలరా' సినిమా నాకెందుకు నచ్చిందంటే, అందులో భయం నిజం. చాలీచాలని జీతంతో బతికే డెలివరీ బాయ్ బాబు 500 నోటుకు కక్కుర్తిపడతాడు. ఆ చిల్లర దొంగతనం అతణ్ణి శవం దాకా లాక్కెళ్తుంది. బాబు ఎలా బయటపడతాడా అని మనకు చెమటలు పడతాయి. ఆ టెన్షన్ ఉండబట్టే అతని స్నేహితుడు ఏసుదాసు (నటుడు సత్య) నోరు విప్పితే నవ్వు ఆగలేదు.

2024 నాటి రెండో భాగంలో వీళ్లే కిడ్నాప్ కేసులు పట్టే ఏజెంట్లు! సత్య మళ్లీ కడుపుబ్బ నవ్వించాడు, కాదనను. కానీ హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రమే పుట్టలేదు. ఊపిరి బిగబట్టే లోపే ఇంకో పాత సినిమా రిఫరెన్స్. ఇంత మంచి నటులున్నా చిక్కుముడి ఇంత వదులుగానా? మూడోది తీస్తే ముందు కేసు గట్టిగా రాయండి, జోకులు తర్వాత.