ఒక్క వ్యసనం గురించే అడిగి ఊరుకోకండి

మద్యం మానాలని వచ్చినవాళ్లను మద్యం గురించి మాత్రమే అడిగి పంపేయడం ఇక ఆగాలి. తాగుడుకు బానిసలైనవాళ్లలో సిగరెట్లు కాల్చేవాళ్లు మిగతా జనంలో కన్నా చాలా ఎక్కువ. జూదం వదల్లేనివాళ్లలో తాగుడు సమస్య తరచూ కనిపిస్తుంది. చికిత్స మాత్రం దేనికదే.

వ్యసనాలు ఇలా గుంపుగా రావడానికి మనోబలం లేకపోవడమే కారణమంటే మేం ఒప్పుకోం. అలవాటు ఏ వయసులో మొదలైందన్నది చాలా పెద్ద సంగతి. 1997లో వెలువడిన ఒక అమెరికా జాతీయ సర్వే విశ్లేషణలో, 15 ఏళ్లు నిండకముందే తాగడం మొదలుపెట్టినవాళ్లలో సుమారు 40 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారు. 20 ఏళ్లు వచ్చాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతమే. 1998 నాటి మరో అమెరికా అధ్యయనంలో, చిన్నతనంలో దెబ్బలు, ఇంట్లో తాగుబోతులు, తల్లి మీద హింస లాంటి కష్టాల్లో నాలుగు రకాలు, అంతకు మించి చూసినవాళ్లకు మద్యం, మత్తుమందులు, డిప్రెషన్ ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది.

వ్యసనానికి ఉద్యోగం, పెళ్లి కారణమా కాదా అన్న విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఉద్యోగం పోయి తాగుడు పెరగొచ్చు, తాగుడు వల్లే ఉద్యోగం పోవచ్చు. ఆదాయం సంగతి ఇంకా చిక్కు. పేదలు ధనవంతుల కంటే ఎక్కువ తాగకపోయినా, మద్యం తెచ్చే జబ్బులు, చావులు వాళ్లలోనే ఎక్కువ. పక్కనే పొగాకు ఉండటం అందుకు ఒక కారణం. రెండూ కలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఒక్కొక్కటి విడిగా తెచ్చేదానికంటే బాగా పెరుగుతుంది.

అడగడం కష్టమేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘అసిస్ట్’ ప్రశ్నావళిలో ఉన్నవి 8 ప్రశ్నలే. పొగాకు నుంచి నిద్రమాత్రల దాకా ఒక్కో పదార్థం పేరు చెప్పి అడుగుతుంది. జూదం అందులో లేదు కాబట్టి రెండు ప్రశ్నలు కలపండి: ఎంత పందెం కాశారో ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలనిపించిందా? ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టి అడగండి. పరువు భయం వల్ల ఆడవాళ్లు నిద్రమాత్రల సంగతి అంత తేలిగ్గా బయటపెట్టరు.

మాత్రల సంగతి అడగకపోతే ప్రాణం మీదికొస్తుంది. మద్యం హఠాత్తుగా ఆపితే ఫిట్స్ సాధారణంగా 6 నుంచి 48 గంటల్లోపు, మతిభ్రమ 2 నుంచి 4 రోజుల మధ్య వస్తాయి. డయాజిపామ్ లాంటి నిద్రమాత్రలు శరీరంలో చాలా రోజులు నిలుస్తాయి. వాటిని హఠాత్తుగా ఆపితే వచ్చే ఫిట్స్ వారం దాటాక కూడా రావచ్చు. గండం గడిచిందని అయిదో రోజు ఇంటికి పంపితే అక్కడ పడిపోతారు. డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాల్సిన మాత్రలవి.

రోజు కూలీ మీద బతికే మనిషి మద్యానికి ఒకచోటికి, పొగాకుకు ఇంకోచోటికి, జూదం అప్పులకు మరోచోటికి పని మానుకుని తిరగలేడు. మూడూ ఒకే గుమ్మంలో, సాయంత్రం పని దిగాక దొరకాలి.