నొప్పి మాత్ర మోకాలికి ఒక్కదానికే పోదు

పోయిన ఎండాకాలం మా నాయన మొక్కు తీర్చుకోవాలని అలిపిరి నుంచి నడిచి కొండెక్కాడు. 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. మనిషికి 64 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పి, బీపీకి రోజూ మాత్ర. దర్శనం అయ్యేదాకా ఏమీ తిననని పట్టు. బయల్దేరే ముందు ఒక మందుల షాపులో "మోకాళ్లకు ఏదన్నా గట్టి మాత్ర ఇయ్యి సామీ" అన్నాడు. కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెట్టారు. బీపీ ఉందా, కిడ్నీలు ఎట్లున్నాయి, పొద్దున ఏమన్నా తిన్నావా? ఒక్క ప్రశ్న లేదు. గాలిగోపురం దగ్గర ఒకటి, మోకాళ్ల పర్వతం దగ్గర ఇంకొకటి, మిగతా రెండు మర్నాడు వేసుకున్నాడు.

మూడో రోజుకు కాళ్లు వాచాయి, మూత్రం తగ్గిపోయింది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.9. కిడ్నీ వడపోత తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. ఆరు నెలల ముందు అదే మనిషికి 1.1. ఏం మాత్ర వేసుకున్నారని డాక్టరమ్మ అడిగితే నాయన చొక్కా జేబులోంచి రేకు ముక్క తీసిచ్చాడు. పేరున్న వైపు షాపులోనే ఉండిపోయింది. మాకు దక్కిన ముక్క మీద "ఫెనాక్" అన్న తోక ఒక్కటే ఉంది. డైక్లోఫెనాకా, ఎసిక్లోఫెనాకా తేలలేదు. రెండూ ఒకే కుటుంబంలే అని ఆమె వెంటనే సెలైన్ పెట్టించింది.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నొప్పి మాత్ర ఒంట్లో అడ్డుకునేది ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని. ఏటా బోర్డు మీద దాని బొమ్మ వేస్తాను. 20 కార్బన్లు, అందులో ఐదు కలిసి ఉంగరంలా ముడుచుకుంటాయి, ఆ ఉంగరానికి రెండు పొడవాటి తోకలు. పిల్లలు పరీక్షలో చక్కగా గీస్తారు. ఇంట్లో నాయనకు మాత్రం ఆ మాట ఒక్కసారీ చెప్పలేదు. ఆ బాధతోనే ఇక్కడ రాస్తున్నా.

ప్రోస్టాగ్లాండిన్లను ఒళ్లు ముందే తయారుచేసి దాచుకోదు. కణానికి దెబ్బ తగిలినా, కబురు అందినా, కణం పొరలోని అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఊడివస్తుంది. కాక్స్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని మార్చడం మొదలుపెడుతుంది. అట్లా పుట్టిన ప్రోస్టాగ్లాండిన్ ఆ పక్కనే పనిచేసి అక్కడే మాయమైపోతుంది. రక్తంలో కలిసిన పీజీఈ2 (ప్రోస్టాగ్లాండిన్లలో ఒక రకం) ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి పోయేసరికే చాలావరకు చచ్చిపోతుంది. అందుకే ఇది ఎక్కడ పుడితే అక్కడి పనే చేస్తుంది. మోకాలిలో పుడితే వాపు తెచ్చి, నొప్పి నరాలను రెచ్చగొడుతుంది. మెదడులో హైపోథాలమస్ దగ్గర పుడితే జ్వరం. కడుపులో పుడితే జిగురు పొరను కాపాడుతుంది, ఆమ్లం కడుపు గోడను తినకుండా. నెలసరి రోజుల్లో గర్భసంచిలో ఎక్కువగా పుడితే ఆ కండరాన్ని పిండేస్తుంది. ఆడపిల్ల మెలికలు తిరుగుతుంటే "నాటకాలు" అనే పెద్దవాళ్లు ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే చాలు.

ఇక కిడ్నీ. అసలు కోపం నాకు ఇక్కడే. కిడ్నీలో ప్రతి వడపోత గుత్తికీ రక్తం తెచ్చే సన్న నాళం ఒకటి, తీసుకెళ్లేది ఒకటి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, తెచ్చే నాళం మూసుకుపోకుండా తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్. చెమటలు కారుతూ మెట్లెక్కే మనిషికి సరిగ్గా ఆ గంటలోనే దాని అవసరం. మా నాయన ఆ గంటలోనే మాత్ర మింగాడు. మాత్ర కాక్స్‌ను ఆపేసింది, మోకాలిలోనే కాదు, కిడ్నీలోనూ. పైగా ఆయన బీపీ మాత్ర టెల్మిసార్టన్, అందులోనే మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉంది. టెల్మిసార్టన్ తీసుకెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. ఇటు రక్తం రావడం తగ్గింది, అటు ఒత్తిడి పడిపోయింది, ఒంట్లో నీళ్లు లేవు. కిడ్నీ దేనితో వడపోస్తుంది? ఈ మూడు మందులూ కలిస్తే ప్రమాదమని డాక్టర్లందరికీ తెలుసు. మందు అమ్మే మనిషికీ తెలిసి ఉండాలి.

"గ్యాస్ మాత్ర కూడా వేసుకున్నా గదమ్మా" అన్నాడు నాయన ఆసుపత్రి మంచం మీద. ఊరంతా నమ్మేది ఇదే. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అంతే. కిడ్నీకి దానితో ఒరిగేదేమీ లేదు.

ఆస్పిరిన్ 1899 నుంచి అమ్ముడవుతున్నా, అది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో గానీ తేల్చలేదు. బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లతో పాటు ఆయనకు 1982లో నోబెల్ వచ్చింది. మింగినవాళ్లకే గాక ఇచ్చినవాళ్లకూ అది ఎట్లా పనిచేస్తుందో తెలియని రోజులవి. ఇప్పుడు తెలిసి కూడా అడగకుండా ఇస్తున్నాం.

చిత్తూరు వైపు ఆవులున్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. ఆవు ఎదకు రావడానికి వేయించే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ కూడా ఈ జాతిదే. చర్మం మీద పడినా లోపలికి ఇంకుతుంది. గర్భంతో ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సీసా, సిరంజి ముట్టుకోకండి.

నొప్పి మాత్రలు అసలే వద్దని నేననడం లేదు. అవసరమైనప్పుడు అవి వరమే. కానీ బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి. ఉపవాసంతో, ఎండలో, నీళ్లు తాగకుండా అసలే వద్దు. షాపులో స్ట్రిప్ కత్తిరిస్తే పేరున్న ముక్క మీకే ఇమ్మని అడగండి.

నాయన క్రియాటినిన్ పోయిన వారం 1.3కి దిగింది. కార్తీకంలో మళ్లీ నడిచే ఎక్కుతానంటున్నాడు. ఈసారి నేనూ పోతున్నా, రెండు నీళ్ల బాటిళ్లతో. నొప్పి పుట్టిన మెట్టు మీదల్లా కూర్చుందామని చెప్పా. సరేనన్నాడు.