ఉలావకాయ

శ్రావణ మాసంలో రాజోలు వైపు ఇనప సామాను కొన్నవాళ్ళు, కొన్నరోజే దాన్ని తనివితీరా చూసుకోవాలి. మళ్ళీ ఆ రంగులో కనపడదు. అంతర్వేది మీదుగా వచ్చే గాలిలో ఉప్పు, ఇంటి చుట్టూ కాలవలు, బోదెలు, చేపల చెరువులు, నెత్తిన రేకుల కప్పు. తుప్పుకి ఇంతకన్నా మంచి సంబంధం కుదరదు.

అలాంటి రేకుల షెడ్డులో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు వడ్రంగం మొదలెట్టారు. ఆరు ఉలులు, ఒక చిత్రిక, రెండు రంపాలు, బల్లకి బిగించిన వైసు (చెక్కని కదలకుండా పట్టే ఇనప దవడ). వారం తిరక్కుండా ఓ ఉలి మీద ఎర్రగా వేలిముద్రలు తేలాయి. దొంగ దొరికాడనుకున్నారు. తీరా చూస్తే ఆ వేళ్ళు ఆయనవే. చెమట చేత్తో పట్టుకుని, తుడవకుండా పెట్టేశారు. చెమటలో ఉన్నదీ ఉప్పే కదా.

ఉప్పు తేమని లాగుతుందని ఆయనకి ఎవరో చెప్పారు. అబద్ధం కాదు. కాకపోతే గాలిలో తేమ 75 శాతం దాటితేనే లాగుతుంది, అలా లాగుతూ తనే కరిగి నీరైపోతుంది. మాస్టారు అరకిలో రాళ్ళుప్పు గుడ్డలో మూటగట్టి, సరిగ్గా ఉలుల పైన వేలాడదీశారు. వానాకాలం కోనసీమలో 75 దాటని రాత్రి ఏదండీ? మూట చుక్కచుక్కగా ఉలులకి అభిషేకం చేసింది. మామూలు నీళ్ళైతే కాస్త నయం. ఉప్పునీళ్ళు ఇనుముని నమిలేస్తాయి.

ఆ ఉప్పు కడక్కుండానే పైన కొబ్బరినూనె పట్టించారు. కొబ్బరికి కొదవలేని ఊరు, తలకి రాసిన చెయ్యి ఉలికీ రాసింది. కింద ఉప్పు భద్రంగా ఉంది, పైన నూనె తడికి ముక్కిపోయి పులుపెక్కింది, ఆ వాసనకి ఎలుకలు వచ్చి రెండు పిడులు రుచి చూశాయి. ఇనుముకి వంటనూనె ఏదైనా ఇంతే. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు పాత బనీను గుడ్డకి అద్ది, వేలికి అంటీ అంటనట్టు తుడిస్తే చాలు. దానికి ముందు మంచినీళ్ళతో కడిగి, పొడిగా ఆరబెట్టడం మాత్రం మానకూడదు.

మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి అంతా చూశారు.

“ఏవండీ, ఉప్పేశారు, నూనేశారు. కారం, ఆవపిండి కూడా పంపించమంటారా? మూడోనాటికి ఉలావకాయ ఊరిపోద్ది.”

పౌరుషం వచ్చింది. ఆ రాత్రి మాస్టారు షెడ్డు తలుపులు బిగించి, గ్యాస్ పొయ్యి లోపల పెట్టి, రెండు గంటలు వెలిగించారు. లోపల వెచ్చగా, హాయిగా ఉంది. ఆయన లెక్క చూసుకోనిది ఒక్కటే. కిలో గ్యాసు కాలితే కిలోన్నరకి పైగా నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. పొయ్యి ఆర్పి పడుకున్నారు. తెల్లవారుజామున రేకు చల్లబడింది, ఆ ఆవిరంతా రేకు అడుగున చెమటలా పట్టి బొట్లు రాలింది. బయట ఆకాశం నిర్మలంగా ఉంది, షెడ్డులో వాన. (తలుపులు మూసి మంట పెట్టడం, గ్యాసైనా బొగ్గుల కుంపటైనా, తుప్పు కన్నా పెద్ద ప్రమాదం. అందులోంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు. ఇది మాత్రం హాస్యం కాదు.)

కరెంటు పనికొచ్చిన కుర్రాడు తల గోక్కున్నాడు. “ఆయ్, మాస్టారూ, మీరు గాలిని కాస్తున్నారండి. కాయాల్సింది ఇనుమునండి.”

కుర్రాడి మాటలో పెద్ద సూత్రమే ఉంది. గాలి 30 డిగ్రీల్లో, తేమ 80 శాతంలో ఉంటే, 26 కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. రాత్రంతా చల్లబడ్డ వైసుకి పొద్దున్నే తలుపు తీసి గాలి తగిలిస్తే చెమట పట్టేది అందుకే. అదే 27 డిగ్రీల్లో 85 శాతం తేమున్న గాలిని అలమరలో 32కి వెచ్చబెడితే, తేమ 64కి దిగుతుంది. నీరు బొట్టు తగ్గదు, గాలికి మోసే ఓపిక పెరుగుతుంది, అంతే.

కుర్రాడు చెప్పిన ఉపాయం ఇది: చెక్క అలమర, పైన నాలుగు చిల్లులు, అడుగున పింగాణీ హోల్డరులో 40 వాట్ల బల్బు, దాని చుట్టూ తీగ జల్లెడ, చెక్కకి జానెడు దూరం, లోపల నూనె గుడ్డలు నిషేధం. మాస్టారు అన్నీ తు.చ. తప్పకుండా చేసి, బల్బు మాత్రం 9 వాట్ల ఎల్‌ఈడీ తెచ్చారు. కరెంటు ఆదా. వారం రోజులు ఉలులు మంచి వెలుతురులో తుప్పు పట్టాయి. చివరికి కోడిపిల్లల పెట్టెలో పెట్టే పాత తీగ బల్బు దొరికింది.

ఉలుల్ని ఓ రాత్రి వెనిగర్లో నానబెట్టి, రుద్ది, లీటరు నీటికి చెంచాడు వంటసోడా కలిపి కడిగి, వెంటనే తుడిచి ఎండబెట్టారు. వెంటనే అంటే వెంటనే. కాఫీ తాగొచ్చేలోగా మళ్ళీ ఎర్రబడతాయి. ఆరాక నూనె గుడ్డ. ఒక ఉలి ఖాళీ యూరియా సంచిలో ఉండిపోయింది. దాని సంగతి అడక్కండి.

అలమరలో తేమ మీటరు పెడితే 64 చూపించింది. మాస్టారు ఇంట్లో అందరినీ పిలిచి చూపించారు. అది పొరపాటు.

మర్నాటికి పై అరలో అప్పడాలు వచ్చాయి. ఆ సాయంత్రం గుమ్మడి వడియాలు, అగ్గిపెట్టెలు. మూడో రోజు భార్యగారు ఉప్పు జాడీ పట్టుకొచ్చారు.

“అది మాత్రం వద్దు!”

“75 దాటితేనే కరుగుద్దన్నది మీరే కదండీ. ఇక్కడ 64 అని చూపించిందీ మీరే.”

మాస్టారు మీటరు వంక చూశారు. మిగిలిన అయిదు ఉలులూ ఓ పక్కకి జరిగాయి.