ఫైల్ ఎక్కకపోతే నెపం నెట్ మీదేనా?

ఒంగోలులోనో నెల్లూరులోనో ఆఫీసు ఫైల్ అప్‌లోడ్ కాకపోతే ముందుగా వినిపించే మాట ‘నెట్ సరిగ్గా లేదు’. హైదరాబాద్‌లోని హెడ్డాఫీసూ అదే నమ్ముతుంది. జిల్లాల్లో నెట్ అంతేలే అని సరిపెట్టుకుంటుంది. తెర మీదేమో ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి’ అని వస్తుంది. ఏ పొరపాటో సాఫ్ట్‌వేర్‌కు చాలావరకు తెలుసు. కనెక్షన్ మధ్యలో తెగితే తప్ప, సర్వర్ కారణాన్ని ఒక అంకెతో సహా తిప్పి పంపుతుంది. దాన్ని దాచేసి, మళ్లీ మళ్లీ నొక్కే పని గుమాస్తా నెత్తిన వేయడం అన్యాయం.

ఆఫీసు వాళ్లు మాట్లాడుకోవడానికి, ఫైళ్లు పంచుకోవడానికి వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌నే తీసుకోండి. బృందమంతా చూసే ఛానెల్లో పెట్టిన ఫైల్ ఆ బృందానికి చెందిన ఉమ్మడి ఆన్‌లైన్ నిల్వ షేర్‌పాయింట్‌లోకి వెళ్తుంది. చాట్‌లో పెట్టిన ఫైల్ మాత్రం పంపినవాళ్ల సొంత ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో చేరుతుంది. చూడ్డానికి రెండుచోట్లా ఒకే గుర్తు, నొక్కే తీరూ ఒకటే. ఆ ఉద్యోగి వన్‌డ్రైవ్ నిండిపోయినా, ఇచ్చిన లైసెన్సులో అసలు వన్‌డ్రైవ్ లేకపోయినా చాట్‌లో ఫైల్ ఎక్కదు, ఛానెల్లో హాయిగా ఎక్కుతుంది. అందుకే ‘ఎక్కడం లేదు’ అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు అడగాల్సింది ‘ఎక్కడ పెడుతున్నారు?’ అని. మా వైపు ఆఫీసుల్లో ఈ ఒక్క ప్రశ్న అడిగే ఐటీ వాళ్లు అరుదు. రూటర్ ఆపి మళ్లీ వేయమంటారు.

పేర్ల గొడవ ఇంకొకటి. చుక్కల జంట (:), ప్రశ్నార్థకం, నక్షత్రం, ఏటవాలు గీత లాంటివి ఫైల్ పేరులో ఉంటే వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్ ఒప్పుకోవు. ఫోల్డర్లతో కలిపి మొత్తం దారి 400 అక్షరాలు దాటకూడదు. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి, ఒక్కో దానికి కొనుగోలుదారు పేరు, కంటైనర్ నంబరు, తేదీ అన్నీ తగిలించే ఎగుమతి ఆఫీసుల్లో ఈ హద్దు త్వరగానే వస్తుంది. తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. కంపెనీ సొంతంగా నడుపుకునే లినక్స్ సర్వర్లలో సాధారణంగా ఫైల్ పేరుకు 255 బైట్లే హద్దు (బైటు అంటే కంప్యూటర్‌లో నిల్వకు కొలత). ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. అంటే గుర్తులన్నీ కలిపి 85కే హద్దు. ‘క్ష్మి’ ఒక్కదానికే 18 బైట్లు! పేరు తెలుగులో పెట్టుకోవడం తప్పు కాదు, పొడవు తగ్గించమని ముందే చెప్పని సాఫ్ట్‌వేర్‌ది తప్పు.

చిన్న కంపెనీలు తయారు చేయించుకున్న పోర్టళ్లలో జబ్బు ఇంకా తేలిక. పోర్టల్‌కు వచ్చే ఫైళ్లను ముందుగా అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్, సెట్టింగ్ మార్చకపోతే 1 ఎంబీ దాటిన దేన్నీ తీసుకోదు. చాలా పోర్టళ్లు రాసే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలుగా ఉండే హద్దు 2 ఎంబీ. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటి చాలు, రెండూ దాటిపోతుంది. అప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ ఇచ్చే జవాబు 413, అంటే పంపింది మరీ పెద్దదని. దీనికి నెట్ ఏం చేస్తుంది?

నెట్‌దే తప్పయిన సందర్భాలూ లేకపోలేదు. డౌన్‌లోడ్ వేగం చూసి అప్‌లోడ్ కూడా అంతే ఉంటుందనుకుంటాం. ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ వస్తే, అవి బిట్లు, ఎనిమిది బిట్లకు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగించాలి. 300 ఎంబీ వీడియో వెళ్లడానికి 20 నిమిషాలు పడుతుంది. ఫైల్‌ను ముక్కలుగా పంపే సాఫ్ట్‌వేర్ అయితే లైను తెగినచోట నుంచి మళ్లీ అందుకుంటుంది. ఒకే గుక్కలో పంపేదయితే పందొమ్మిదో నిమిషంలో తెగినా మొదటికే వస్తుంది.

విసిగిపోయినవాళ్లు చివరికి వాట్సాప్‌లో పంపేస్తారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు విలువ నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కల వల్లే. కొనేవాళ్లు ఫొటోలో చూసేదీ వాటినే. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, సన్నని చుక్కలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఆ బాధ లేదు గానీ, కంపెనీ కాగితాలు సొంత ఫోన్లలో పేరుకుపోతాయి. ఉద్యోగి మానేసిన రోజున వాటిని వెతికేది ఎవరు?

కారణం పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. అదే చోట ‘టెస్ట్’ అనే చిన్న ఫైల్ పెట్టండి. ఎక్కితే లోపం సైజులోనో పేరులోనో ఉంది. పెద్ద ఫైల్‌కే పేరు కుదించి మళ్లీ పెడితే ఆ రెండింట్లో ఏదో తేలుతుంది. చిన్నదీ ఎక్కకపోతే బ్రౌజర్ మార్చాలి, తర్వాత నెట్ మార్చాలి, ఆపైన ఖాతాలో జాగా, అనుమతి చూడాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే పని జరిగినా కారణం తెలియదు, వారం తిరక్కుండా అదే గొడవ మళ్లీ వస్తుంది.

ఇదంతా గుమాస్తా చేత చేయించే బదులు, సొంత పోర్టల్ ఉన్న కంపెనీలు ముందు ఆ 413 సందేశాన్ని మార్పించాలి. ‘మీ ఫైల్ 38 ఎంబీ ఉంది, ఇక్కడ 25 ఎంబీ వరకే తీసుకుంటాం’ అని తెలుగులో చూపించడం పోర్టల్ రాసినవాళ్లకు ఒక పూట పని. కొత్త పోర్టల్‌కు డబ్బు కట్టే ముందే ఈ షరతు ఒప్పందంలో రాయించుకోవచ్చు.