పట్టీ మీది రంగులు ఎటు పోయాయి?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ మాజీ కెప్టెన్ జోర్డాన్ హెండర్సన్ 2024 జనవరిలో, వెళ్లిన ఆరు నెలలకే సౌదీ నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేశాడు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన అయాక్స్ క్లబ్ అతనితో రెండున్నరేళ్ల ఒప్పందం కుదిరిందని ప్రకటించిందో లేదో, లివర్‌పూల్ అభిమానుల మధ్య పాత పంచాయితీ మళ్లీ మొదలైంది. క్లబ్బుకు ద్రోహం చేసి డబ్బు వెంట పరిగెత్తాడని ఒక వర్గం అంది. పన్నెండేళ్లు చెమటోడ్చినవాడిని ఒక్క నిర్ణయానికి వీధిలోకి లాగుతారా అని మరో వర్గం అడిగింది. అర్ధరాత్రి దాకా మేల్కొని ఇంగ్లిష్ లీగ్ చూసే మన హైదరాబాద్, వైజాగ్ కుర్రాళ్లూ ఈ గొడవలో రెండుగా చీలిపోయారు. వాదనంతా ఒక్క మాట చుట్టూనే: క్లబ్బు పట్ల విశ్వాసం.

రెండు వర్గాలూ అసలు సంగతి వదిలేసి కొట్టుకున్నాయని మా అభిప్రాయం. హెండర్సన్ లివర్‌పూల్‌ను వదిలి వెళ్లడంలో మాకేమీ తప్పు కనిపించడం లేదు. అతను మాట ఇచ్చింది క్లబ్బుకు మాత్రమే అయితే, ఆ లెక్క ఎప్పుడో తీరిపోయింది. 2011లో సండర్లాండ్ నుంచి వచ్చిన కుర్రాడిని మరుసటి ఏడాదే ఫుల్హమ్ క్లబ్బుకు ఇచ్చేసి, బదులుగా అక్కడి ఆటగాడు క్లింట్ డెంప్సీని తెచ్చుకుందామని చూసింది ఈ లివర్‌పూలే. ఆ రోజు అతను వెళ్లనన్నాడు. పట్టుబట్టి ఉండిపోయాడు. 2015లో స్టీవెన్ జెరార్డ్ నుంచి కెప్టెన్సీ అందుకున్నాడు. 2019లో మాడ్రిడ్‌లో చాంపియన్స్ లీగ్ కప్పు, మరుసటి ఏడాది ముప్పై ఏళ్ల నిరీక్షణ తర్వాత లీగ్ టైటిల్. కప్పు ఎత్తే ముందు కాళ్లు గబగబా ఆడిస్తూ అతను చేసే ఆ చిన్న చిందును పిల్లలు వీధుల్లో అనుకరించారు. 2020లో కోవిడ్ మొదటి నెలల్లో వైద్య సిబ్బంది కోసం లీగ్ ఆటగాళ్లందరినీ కూడగట్టి విరాళాలు పోగు చేయించిందీ అతనే. ఇన్ని చేసినవాడు ముప్పై మూడేళ్ల వయసులో, బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుందని తెలిసి మరో చోటికి వెళ్తానంటే ద్రోహి అనడం అన్యాయం.

విశ్వాసం ఒకవైపు నుంచే ఉండాలని అడిగే హక్కు ఏ క్లబ్బుకూ లేదు. మన ఊళ్లోనే చూశాం. 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీలో జీతాల బకాయిల గొడవ ముదిరి, 2023-24 సీజన్లో ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. వాళ్లను విశ్వాసం లేనివాళ్లని అనగలమా? ఇంటి అద్దె కట్టాల్సినవాడికి జెర్సీ మీది బొమ్మను ముద్దు పెట్టుకొమ్మని ఎవరు చెప్పగలరు?

కాబట్టి క్లబ్బు సంగతి పక్కన పెడదాం. హెండర్సన్ మరో మాట కూడా ఇచ్చాడు. దాని గురించే మా కోపం.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఏటా కొన్ని రోజుల పాటు ఆటగాళ్లు ఇంద్రధనుస్సు రంగుల లేసులు బూట్లకు కట్టుకునేవారు. కెప్టెన్లు అవే రంగుల పట్టీ చేతికి వేసుకునేవారు. స్వలింగ ప్రేమికులకు, ట్రాన్స్‌జెండర్లకు స్టేడియంలో చోటుందని చెప్పడం దాని ఉద్దేశం. చాలామంది ఇచ్చింది కట్టుకుని ఆడి, ఇంటికి పోయేవారు. హెండర్సన్ అంతటితో ఆగలేదు. మ్యాచ్ రోజు అమ్మే పుస్తకంలో తన పేరుతో రాసే కాలమ్‌లో దీని గురించి రాశాడు. ఎవరినైనా వెలివేస్తున్నారని కనిపిస్తే వాళ్ల భుజం పక్కన భుజం కలిపి నిలబడాలన్నాడు. 2021 యూరో కప్ సమయంలో ఒక అభిమాని మేకప్ వేసుకుని మొదటిసారి ధైర్యంగా లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి వెళ్లానని సోషల్ మీడియాలో రాస్తే, ఇంగ్లండ్ జట్టులో ఉన్న హెండర్సన్ స్వయంగా జవాబిచ్చాడు. తన జట్టుకు మద్దతివ్వడానికి ఎవరూ భయపడకూడదని, ఫుట్‌బాల్ అందరిదీ అని. అది ఎవరో పీఆర్ ఉద్యోగి పంపిన ప్రకటన కాదు. మనిషి మనిషికి చెప్పిన మాట.

అడగకుండా ఇచ్చిన మాట. అందుకే జనం నమ్మారు.

2023 జులైలో అతను ఏ దేశానికి వెళ్లాడు? స్వలింగ సంబంధం నేరమైన దేశానికి. ఆ నేరానికి మరణశిక్ష దాకా విధించే వీలున్న దేశానికి. అల్ ఎత్తిఫాక్ క్లబ్ అతన్ని పరిచయం చేస్తూ విడుదల చేసిన దృశ్యాల్లో లివర్‌పూల్ రోజుల నాటి ఫొటో ఒకటుంది. చేతికి అదే పట్టీ. కానీ ఆ పట్టీకి రంగుల్లేవు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ పోయి బూడిద రంగు మిగిలింది. తనకు ముందుగా తెలియదని హెండర్సన్ తర్వాత చెప్పుకొచ్చాడు. తెలియకపోయి ఉండొచ్చు. తెలిశాక ఏం చేశాడు? ఆ ఫొటో తీసెయ్యండి అన్నాడా? ఆ రంగులు నావి, తుడిచే హక్కు మీకు లేదన్నాడా? అక్కడి మతాచారాలను గౌరవించాలని సర్దిచెప్పాడు. లివర్‌పూల్‌లోని ఎల్జీబీటీ అభిమానుల సంఘం కాప్ అవుట్స్ అతను వెళ్లకముందే ఆందోళన వెలిబుచ్చింది. అది పట్టించుకోవాల్సిన విషయంగా అతనికి తోచలేదు.

ఆటగాడి కెరీర్ చిన్నది, నాలుగు డబ్బులు సంపాదించుకోనివ్వండి అనేవాళ్లు ఉన్నారు. అలాంటి దేశాలకు ఇలాంటి భావాలున్నవాళ్లు వెళ్తేనే మార్పు వస్తుందనే వాదనా ఉంది, హెండర్సన్ కూడా అదే చెప్పాడు. సరే, ఆరు నెలలు ఉన్నాడు కదా. సౌదీ మైదానంలో ఆ లేసులు మాకు కనిపించలేదు. ఆ రంగుల గురించి అక్కడ నోరు విప్పిన దాఖలా కూడా కనిపించలేదు. మార్పు తెస్తానని వెళ్లినవాడు ఎండలకు తట్టుకోలేక, ఖాళీ స్టేడియాల్లో ఆడలేక, 2024 వేసవి యూరో కప్ జట్టులో చోటు పోతుందన్న టెన్షన్‌తో తిరిగొచ్చాడన్నదే అప్పుడు అందరూ చెప్పుకున్న మాట. తిరిగి రావడానికి అతనికి వంద కారణాలు దొరికాయి. తాను మాట ఇచ్చిన మనుషులు మాత్రం అందులో ఒక్క కారణం కాలేకపోయారు.

2023 సెప్టెంబరులో ఇచ్చిన ఇంటర్వ్యూలో క్షమాపణ కూడా చెప్పాడు కదా అంటారు. ఏమని చెప్పాడు? వాళ్లకు అలా అనిపిస్తున్నందుకు సారీ అని. నేను చేసింది తప్పు అనలేదు. మీకు అలా అనిపించింది, పాపం, అన్నట్టుగా ఉంది. మన దగ్గర నాయకులు నోరు జారాక ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అని చెప్పే సారీ ఇలాగే ఉంటుంది. కర్ర విరగకూడదు, పాము చావకూడదు. ఆ మాట వినీ వినీ తెలుగువాళ్లకు చెవులు తుప్పు పట్టాయి. లివర్‌పూల్ మాజీ కెప్టెన్ నోట కూడా అదే వినాల్సి వచ్చింది.

మమ్మల్ని భయపెడుతున్నది హెండర్సన్ ఒక్కడి సంగతి కాదు. రేపు ఈ దారిన ఎవరైనా నడవొచ్చన్నది భయం. మాటకు ఒక ధర ఉంటుందని, ఆ ధర పలికేదాకా మాట మీద నిలబడితే చాలని తేలిపోయింది. 2022 నవంబరులో ఖతర్ ప్రపంచ కప్‌లో దీని మొదటి మెట్టు చూశాం. వివక్ష వద్దని చెప్పే ‘వన్ లవ్’ రంగుల పట్టీ కెప్టెన్ల చేతికి వేసుకుంటామని ఏడు యూరప్ దేశాల జట్లు నెలల తరబడి చెప్పాయి. మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు ఫిఫా పసుపు కార్డు చూపిస్తామని బెదిరించింది. ఏడు దేశాలూ పట్టీ తీసి జేబులో పెట్టుకున్నాయి. ఒక్క పసుపు కార్డుకే! అదే రోజు, అదే మైదానంలో, ఇంగ్లండ్‌కు ఎదురుగా నిలబడ్డ ఇరాన్ ఆటగాళ్లు తమ జాతీయ గీతం మోగుతుంటే పెదవులు బిగించి నిలబడ్డారు. ఇంటికి వెళ్తే ఏం జరుగుతుందో తెలిసీ నిలబడ్డారు. వాళ్ల ఎదుట వరసలో ఉన్న ఇంగ్లండ్ ఆటగాళ్లకు ఒక పసుపు కార్డు భారమైంది. ఆ జట్టులో హెండర్సన్ ఉన్నాడు. ఎనిమిది నెలల తర్వాత అతను సౌదీ దారి పట్టాడంటే ఆశ్చర్యం దేనికి? మొదట కార్డుకు వదిలేశారు, తర్వాత జీతానికి వదిలేశారు. ఆ తర్వాతివాడు దేనికి వదిలేస్తాడు?

ఇదంతా చూసిన పదహారేళ్ల కుర్రాడు, తన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేక హెండర్సన్ పద్నాలుగో నంబరు జెర్సీని ధైర్యంగా తొడుక్కున్నవాడు, రేపు మరో కెప్టెన్ చేతికి రంగుల పట్టీ చూస్తే నమ్ముతాడా? ఎందుకు నమ్మాలి? ఒక కెప్టెన్ మాట తప్పితే నష్టం అతనికి కాదు. అతని తర్వాత నిజంగా నిలబడాలనుకునేవాడికి. వాడి మాటను కూడా జనం ‘ఎంతకు అమ్ముతావు?’ అన్నట్టే చూస్తారు.

అభిమానులకూ ఒక మాట చెప్పాలి. 2023 అక్టోబరులో ఆస్ట్రేలియాతో మ్యాచ్‌లో ఇంగ్లండ్ కెప్టెన్‌గా ఆడి బయటికి వస్తున్న హెండర్సన్‌ను వెంబ్లీలో గేలి చేశారు. అది తనకు అర్థం కాలేదని అప్పటి ఇంగ్లండ్ కోచ్ సౌత్‌గేట్ అన్నాడు. మాకూ కొంత అర్థం కాలేదు, కాకపోతే కారణం వేరు. ఆ అరిచినవాళ్లలో ఎంతమంది రంగుల పట్టీ కోసం అరిచారు? 2021 ఆగస్టులో నార్విచ్‌లో జరిగిన మ్యాచ్‌లో ఎదుటి జట్టులోని బిల్లీ గిల్మర్ అనే కుర్రాడి మీద స్వలింగ ప్రేమికులను కించపరిచే పాట పాడింది లివర్‌పూల్ అభిమానులే. ఆ పాట ఆపండి బాబూ అని అప్పటి లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ కెమెరా ముందు కూర్చుని చెప్పాల్సి వచ్చింది. ఆ పాట పాడిన గొంతులే ఇవాళ హెండర్సన్‌ను విలువలు లేనివాడంటే ఎలా? న్యూకాజిల్ క్లబ్బును 2021లో సౌదీ ప్రభుత్వ నిధి కొనుక్కుంటే సంబరాలు చేసుకున్న నగరం సంగతేమిటి? ఆ అమ్మకానికి పచ్చజెండా ఊపి, డిసెంబరు రాగానే లేసులు పంచిన ప్రీమియర్ లీగ్ సంగతేమిటి? అందరిదీ ఒకటే తీరు. చెప్పేది ఒకటి, చేసేది ఒకటి.

ఇంగ్లండ్ గొడవ మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక్క సంగతి గుర్తు చేస్తాం. హెండర్సన్ సౌదీ వెళ్లిన అదే జులైలో తెలంగాణ హైకోర్టు నిజాం కాలం నాటి ఒక చట్టాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్ల పేర్లు, నివాసాలు రిజిస్టర్‌లో రాసి ఉంచాలని, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని చెప్పిన చట్టం అది. 1919లో పుట్టి 2023 దాకా బతికింది. దాన్ని చంపడానికి ఏ కెప్టెనూ రాలేదు. పెద్ద పేర్లేవీ లేని మనుషులు కోర్టు మెట్లెక్కి ఏళ్ల తరబడి పోరాడారు. మాట మీద నిలబడటం అంటే ఏమిటో వాళ్లను అడిగితే చెబుతారు. వాళ్లకు చేతికి కట్టుకునే పట్టీ లేదు, అమ్ముకోవడానికి పేరూ లేదు.

సౌదీ నుంచి హెండర్సన్ వెళ్లింది నెదర్లాండ్స్‌కు. స్వలింగ వివాహాలకు ప్రపంచంలో మొట్టమొదట, 2001లోనే చట్టబద్ధత ఇచ్చిన దేశం. ఖతర్‌లో ఏడు జట్లు జేబులో పెట్టుకున్న ఆ ‘వన్ లవ్’ పట్టీ పుట్టింది కూడా అక్కడే, 2020లో. ఆ రంగుల పట్టీ మళ్లీ అతని చేతికి రావొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దాన్ని కట్టుకోవడానికి ధైర్యం అక్కర్లేదు, దానికయ్యే ఖర్చూ ఏమీ లేదు. అలాంటి చోట కట్టుకుని ఫొటోలకు నిలబడితే మెచ్చుకుంటారని ఆశపడొద్దు. ఆ పట్టీ ముట్టుకునే ముందు కాప్ అవుట్స్ సభ్యుల ఎదుట కూర్చుని, ‘అనిపిస్తే’, ‘నొచ్చుకుంటే’ లాంటి మాటలేవీ లేకుండా, నేను మాట తప్పాను అని చెప్పాలి హెండర్సన్. అది చెప్పలేకపోతే ఆ పట్టీ మరొకరికి ఇచ్చేసి, ఊరికే ఫుట్‌బాల్ ఆడుకోవాలి.