చూరు గురించి ఒక సవరణ

సముద్రతీరంలో అతిథిగృహాల నిర్మాణంపై వచ్చిన వ్యాసం చదివాను. వాటిని కట్టేవారు ముందుగా ఆ ప్రాంతపు పాత ఇళ్లను పరిశీలించాలన్న వ్యాసకర్త సూచనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే చూరు ఎంత పొడవుగా ఉంటే అంత మేలన్న ఆ వ్యాసంలోని మాటకు ఒక సవరణ అవసరం. ఎండనూ ఏటవాలు జల్లునూ గోడ మీద పడనీయని ఆ చూరే, తుఫాను గాలి కిందినుంచి తోసినప్పుడు కప్పు మొత్తం లేచిపోవడానికి కారణమవుతుంది. అందువల్ల వసారా కప్పును ప్రధాన కప్పుకు కొనసాగింపుగా కాక విడిగా నిలబెట్టాలి; అది ఎగిరిపోయినా గదుల మీది కప్పు నిలుస్తుంది. నాలుగు వైపులా సుమారు 30 డిగ్రీల వాలున్న కప్పు, రెండు వాలుల కప్పు కన్నా గాలిని బాగా తట్టుకుంటుంది.

సముద్రం వైపు పెద్ద కిటికీలు పెట్టి వెనుక గోడను మూసేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పగలు సముద్రం నుంచి వీచే గాలి రాత్రికి నేల మీదినుంచి మళ్లుతుంది కనుక, ఎదురెదురు గోడల్లో కిటికీలు లేని గది అతిథి నిద్రపోయే వేళకే ఉక్కపోస్తుంది.

ఉప్పు సంగతి వ్యాసంలో లేదు. కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బి, పైపొరను పగలగొడుతుంది. కాబట్టి కడగని సముద్రపు ఇసుకను వాడకూడదు, ఊచలపై కాంక్రీటు పొర మందంగా ఉండాలి. మట్టి గోడలకైతే, తేమను బయటికి వదిలే సున్నపు పూతే తగినది.